మలిక్ అంబరు

చికాకోలు సర్కారు గోలకొండ సుల్తానుల యేలుబడిలో నుండిన కాలమున, దక్కనును మ్రింగవచ్చిన ఢిల్లీ పాదుషాల సేనలను పాతికేండ్లు నిలువరించినవాడు ఒక హబ్షీ. 1548 ప్రాంతమున ఇథియోపియాలో జన్మించి, బాల్యముననే బానిసగా విక్రయింపబడి, చేతులు మారి మారి మన దేశము చేరిన మలిక్ అంబరే యాతడు. మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో నాతని పేరు విననివారే యెక్కువ. భూమి గలవారైన నాతని చరిత్ర నెరుగుట మంచిదని మేము తలచుచున్నాము.

తల్లిదండ్రు లిడిన పేరు చాపు అందురు. బాగ్దాదు వర్తకు డొకడు అంబరని పేరు పెట్టి చదువు చెప్పించెను. పిమ్మట అహమ్మదునగర మంత్రి చెంగిజుఖాను ఆతనిని గొనెను. ఈ మంత్రియు నొకప్పుడు బానిసయైన హబ్షీయే! యజమానుడు మరణింపగా నాతని భార్య అంబరునకు స్వేచ్ఛ నొసగెను. కొంతకాలము బిజాపురమున కొలువుచేసి, చిన్న దండును గూర్చుకొని, అంబరు మరల అహమ్మదునగరమునకు వచ్చెను. 1600లో అక్బరు సేనలు ఆ కోటను బట్టుకొనగా రాజ్యము పోయినదనియే యెల్లరును దలచిరి. అంబరు మాత్రము రాజవంశీయు నొక్కని రెండవ ముర్తజా నిజాంషాహను పేర గద్దె నెక్కించి, తన కుమార్తె నిచ్చి పెండ్లిచేసి, రాజ్యభారము దాను వహించెను.

మొగలుల ఫిరంగుల కెదురు నిలుచుట నిష్ఫలమని యెరిగి, మరాఠా రౌతులను బంపి శత్రువుల గ్రాసమును, సామాను బండ్లను గొల్లగొట్టించుట ఆతని పద్ధతి. శివాజీ తండ్రియగు శాహజీ ఆ కొలువున బెరిగినవాడే. 1617లోను, 1621లోను సంధులకు లోబడి భూములు విడువవలసివచ్చెను. అయినను 1624లో గోలకొండ సరిహద్దునకు వచ్చి, రావలసిన పైకమును రాబట్టుకొని, బీదరును దోచి, భాత్వాడివద్ద చెరువుగట్టు తెగగొట్టించి మొగలు బిజాపురముల యుమ్మడి సేనను బురదలో జిక్కించి యోడించెను. గోలకొండవా రిచ్చిన యా పైకములో మన సర్కారు రైతుల శిస్తును గొంత యుండకపోదు.

యుద్ధములకంటె మాకు ముఖ్యముగా దోచునది ఆతని శిస్తు పద్ధతి. అంతకుముందు గ్రామముల శిస్తును గుత్తకు బాడుకొన్నవారు రైతును బిండి తమ లాభము దీసికొనుచుండిరి. అంబరు గుత్తలను రద్దుచేసెను. బ్రాహ్మణోద్యోగులచే వసూలు చేయించి, వారిపై మహమ్మదీయాధికారుల నుంచెను. శిథిలమైన గ్రామోద్యోగములను మరల నిలబెట్టెను. మొదట పండినదానిలో నొక పాలు ధాన్యముగా గొని, కొన్ని పంటల యనుభవము చూచిన పిమ్మట దానిని రూకలకు మార్చెను. ధాన్యరూపమున ఐదింట రెండుపాళ్లైనను, రూకలుగా రైతుపై బడినది మూడింట నొకపాలేయని ప్రతీతి. సాగునుబట్టి యేటేట శిస్తు నిర్ణయించెడివారు. 1802లో మన మండలములలో కుంపిణీవారు పర్మనెంటు సెటిల్మెంటు చేసినపుడు జమీందారుల పేష్కష్ శాశ్వతమయ్యెనే కాని, రైతు జమీందారునకు జెల్లించు శిస్తునకు గట్టి కట్టుబాటు లేకపోయెను. రైతు హక్కులు 1908 చట్టముతో గాని కుదుటబడలేదు. జమీందారీలను దొలగించుటకు 1948 చట్టము రావలసివచ్చెను. రెండువందల యేండ్లకు ముందే గుత్తదారుని నడుమనుండి తీసివేసిన యీ హబ్షీ దూరదృష్టి సామాన్యమైనది కాదు.

ఆతనిని నిర్దోషియని చెప్పజాలము. తాను నిలిపిన సుల్తాను తనకు లొంగకపోగా 1610లో విషము పెట్టించి పసివానిని గద్దెపై నుంచెను. బానిసతనమును జవిచూచినవాడయ్యు దన దండునకై హబ్షీ బానిసలను గొనుచునే యుండెను.

జహంగీరు పాదుషా ఆతని నల్లదనమును దూషించుచు దన దినచర్యలో వ్రాసికొనెను. అంబరు తల యెన్నడును దొరకకపోగా, బల్లెమునకు గ్రుచ్చిన యా తలను దాను బాణముతో గొట్టుచున్నట్లు చిత్రము వ్రాయించుకొని తృప్తిపడెను. ఒడలి రంగునుబట్టి మనుష్యుని దూచు బుద్ధి మన యిండ్లలో లేదనగలమా? మారిషసు చెరకు తోటలలో విడుదలయైన ఆఫ్రికా బానిసల తావున పనికి దెలుగు కూలీలును ఓడలెక్కిరి. నేటాలునకు విశాఖపట్టణ మండలమువారును వెళ్లిరి. అమ్ముడుపోయినవాని కథ మనకు బరాయిది గాదు.

1626లో, ఎనుబదేండ్లకు దగ్గరగా, అధికారమున నుండగనే అంబరు మరణించెను. మొగలు చరిత్రకారుడు ముతమదుఖాను సైత మాతని యుద్ధకౌశలమును బాలనను మెచ్చుకొనెను. కుమారుడు ఫతేఖాను తండ్రివంటివాడు గాడు. 1633లో దౌలతాబాదును, 1636లో రాజ్యమే పోయెను. అంబరు 1610లో నేలక్రింది కాలువలతో నీరు దెప్పించి కట్టించిన ఖడ్కీ పట్టణమే తరువాత ఔరంగాబాదయ్యెను. ఆతని సమాధి సమీపముననున్న ఖుల్దాబాదులో నున్నది. 1707లో మరణించిన ఔరంగజేబును, ఆ జహంగీరు మనుమని, అదే యూర పూడ్చిరి.