ఉప్పు పొట్లం నుంచి కలంకారీ దాకా... కమలాదేవి కథ

మనకంటే ముందే మన ఊళ్ల నుంచి ఈ ఎడారి దేశాలకు వచ్చినవి ఉన్నాయి. అవి గుడ్డలు! చీరాల మగ్గాల మీద నేసిన తేలియా రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు వచ్చేవి. నూలును నూనెలో, బూడిద నీళ్లలో నానబెట్టి, ఎరుపు, నలుపు రంగులద్ది నేసిన ఆ రుమాళ్లను ఇక్కడి వాళ్లు తలకు చుట్టుకునేవారు. మచిలీపట్నం అద్దకం గుడ్డలు పర్షియా దాకా పోయేవి. కలంకారీ అన్న పేరే ఆ భాష నుంచి వచ్చింది. కలం పట్టి చేసే పని అని అర్థం.

తర్వాత మిల్లు గుడ్డ వచ్చింది. రేవులు మారాయి, కొనేవాళ్లు తగ్గారు. చేసే చేతులు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. పొట్ట గడవక కొందరు కూలికి, కొందరు బొంబాయి, భీవండి, సూరత్ మిల్లులకు పోయారు. వాళ్ల పిల్లల్లో, మనవళ్లలో ఎంతమంది ఇప్పుడు దుబాయ్‌లో, మస్కట్‌లో, కువైట్‌లో మన పక్క బెడ్డు మీద పడుకుంటున్నారో! సిరిసిల్ల నుంచి, కరీంనగర్ నుంచి, నిర్మల్ నుంచి వచ్చిన వాళ్లను అడిగితే తెలుస్తుంది. తాత మగ్గం నేసేవాడనో, బొమ్మలు చెక్కేవాడనో, వెండి తీగతో పనిచేసేవాడనో చెప్తారు.

ఆ చేతులకు మళ్లీ పని దొరకాలని 40 ఏళ్ల పాటు ఊరూరా తిరిగిన మనిషి కమలాదేవి ఛటోపాధ్యాయ. ఆమె తెలుగావిడ కాదు. కానీ శ్రీకాళహస్తి కలంకారీ ఇవాళ బతికి ఉందంటే అందులో ఆమె పాలు పెద్దది. ఆమె కథ మనవాళ్లకు అంతగా తెలియదు. అందుకే ఈ వారం ఆమె గురించి చెప్పుకుందాం.

1903 ఏప్రిల్ 3న మంగళూరులో పుట్టారు. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ పెద్ద ఉద్యోగి. ఆమెకు ఏడేళ్లప్పుడు ఆయన వీలునామా రాయకుండానే పోయారు. అప్పటి చట్టం ప్రకారం ఆస్తంతా సవతి కొడుక్కి వెళ్లింది. నెలనెలా ఖర్చులకు ఏదో ఇస్తామంటే తల్లి గిరిజాబాయి వద్దన్నారు. ఒకరు పెట్టేది తినడం కన్నా కష్టపడి బతకడమే మేలని కూతురు ఆ వయసులోనే చూసి నేర్చుకుంది. తర్వాత ఆమె చేసిన పనులన్నింటికీ వేరు ఇక్కడే ఉందని మాకు అనిపిస్తుంది.

14 ఏళ్లకే పెళ్లి చేశారు. రెండేళ్లు తిరక్కుండానే భర్త చనిపోయాడు. ఆ కాలంలో విధవరాలంటే గుండు, తెల్లచీర, వంటింటి మూల. తల్లి దానికి ఒప్పుకోలేదు, చదివించారు. మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో చదువుతుండగా హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ పరిచయమయ్యారు. ఇక్కడ మనకో చుట్టరికం కలుస్తుంది! హరీంద్రనాథ్ అచ్చమైన హైదరాబాదీ. సరోజినీ నాయుడుకు తమ్ముడు. తండ్రి అఘోరనాథ్ హైదరాబాద్‌లో నిజాం కాలేజీకి ఆద్యుడు. ఇద్దరూ పెళ్లి చేసుకుంటే నానా గోల అయింది. విధవకు రెండో పెళ్లి, పైగా వేరే భాష, వేరే ప్రాంతం. హరీంద్రనాథ్ కవి, నటుడు. 1952 ఎన్నికల్లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచిన ఎంపీ కూడా ఆయనే. అయితే అప్పటికే వీళ్ల దారులు వేరయ్యాయి. మనసు విరిగాక లోకానికి భయపడి కలిసి కాపురం చేయడం కమలాదేవికి చేతకాలేదు. కోర్టుకెళ్లి విడాకులు తీసుకున్నారు. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి అలా చేయడం మామూలు సంగతి కాదు.

పెళ్లైన కొత్తలో లండన్‌లో చదువుతుండగా సహాయ నిరాకరణ ఉద్యమం సంగతి విని ఇండియాకు తిరిగొచ్చేశారు. 1926లో మద్రాసు శాసనసభకు పోటీ చేశారు. మన దేశంలో అలాంటి ఎన్నికలో నిలబడ్డ మొదటి మహిళల్లో ఆమె ఒకరు. కొద్ది ఓట్లతో ఓడిపోయారు. 1930లో గాంధీజీ దండియాత్రకు వెళ్తూ ఆడవాళ్లను వెంట తీసుకుపోలేదు. కమలాదేవి ఊరుకోలేదు. వెళ్లి ఆయనతో వాదించి, సత్యాగ్రహంలో ఆడవాళ్లకూ చోటు ఉండాలని ఒప్పించారు. బొంబాయి సముద్రపు ఒడ్డున ఉప్పు వండి, పొట్లాలు కట్టి, స్టాక్ ఎక్స్ఛేంజీలోకి నడిచి వెళ్లి అమ్మారు. షేర్లు కొనేవాళ్లకు ఉప్పు అమ్మిన ధైర్యం ఆమెది! జైలుకూ వెళ్లారు.

చేత్తో చేసినదాన్ని జనం మధ్యకు తీసుకెళ్లి, కొనేదాకా వదలకుండా అమ్మడం అప్పుడే మొదలైందనుకోవచ్చు. ఆ రోజు ఉప్పు, తర్వాత బుట్టలు, బొమ్మలు, బట్టలు.

పరాయి దేశంలో ఉన్న మనం తప్పక తెలుసుకోవాల్సిన సంఘటన ఒకటుంది. 1939 నుంచి 1941 దాకా ఆమె అమెరికాలో తిరిగారు. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో అప్పుడు తెల్లవాళ్లకు వేరే రైలు పెట్టె, నల్లవాళ్లకు వేరే పెట్టె. లూసియానాలో ఆమె తెల్లవాళ్ల పెట్టెలో కూర్చుంటే టికెట్ కలెక్టరు లేచి వెళ్లమన్నాడు. ఆమె లేవలేదు. ఎవరో తెలియని వాళ్లకు ఇండియా మనిషి, పెద్ద నాయకురాలు అని చెప్పుకుంటే వదిలేసేవారే. ఆమె అలా చెప్పుకోలేదు. తానూ రంగు ఉన్న మనిషినేనని, కదలనని చెప్పి కూర్చున్నారు. చివరికి వాడే వెళ్లిపోయాడు. పాస్‌పోర్టు చూసి మనిషి విలువ కట్టే చోట రోజూ పనిచేసే మనలాంటి వాళ్లకు ఆ కుర్చీ బరువెంతో వేరే వాళ్లు చెప్పక్కర్లేదు.

1947లో దేశం రెండు ముక్కలైంది. వాయవ్య సరిహద్దు ప్రాంతం నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు ఢిల్లీ చుట్టుపక్కల గుడారాల్లో పడ్డారు. సర్కారు వాళ్లకు తిండి, కొంత సొమ్ము ఇచ్చేది. కమలాదేవి లెక్క వేరు. వచ్చిన వాళ్లలో మేస్త్రీలున్నారు, వడ్రంగులున్నారు, నేతగాళ్లున్నారు. వాళ్లకు అన్నం పెట్టి కూర్చోబెట్టడం దేనికి, పని ఇస్తే వాళ్లే ఊరు కట్టుకుంటారు కదా అన్నది ఆమె వాదన. 1948లో భారత సహకార సంఘం పెట్టి రంగంలోకి దిగారు. ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో దాదాపు 50 వేల మందికి ఊరు లేచింది. ఇటుక పేర్చింది, తలుపు చెక్కింది, గోడ కట్టింది ఆ కాందిశీకులే. అక్కడి బాద్షా ఖాన్ ఆస్పత్రి కూడా వాళ్ల చేతుల మీద లేచిందే.

దుబాయ్‌లో మేడ కట్టిన మనవాడికి ఇది బాగా అర్థమవుతుంది. కాకపోతే ఒక తేడా. ఫరీదాబాద్‌లో కట్టినవాళ్లే ఆ ఇళ్లలో ఉన్నారు.

కాళహస్తిలో మిగిలిన కలం

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు పెట్టి నెహ్రూ ప్రభుత్వం ఆమెను అధ్యక్షురాలిని చేసింది. ఢిల్లీలోని సెంట్రల్ కాటేజ్ ఎంపోరియం నిర్వహణ కూడా అదే ఏడాది ఆమె సంఘం చేతికి వచ్చింది. పెద్ద పెద్ద డ్యాములు, ఉక్కు ఫ్యాక్టరీలు కడుతున్న కాలమది. బొమ్మలు, బుట్టలు అంటూ ఈవిడేమిటని నవ్వినవాళ్లు లేకపోలేదు. ఆమె రైలెక్కి, బస్సెక్కి, బండెక్కి ఊళ్లు తిరిగారు. ఎక్కడ ఏ పని ఉంది, ఎంతమంది మిగిలారు, ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది, ఎవరు కొంటారు... ఇవీ ఆమె అడిగే ప్రశ్నలు.

అలాంటి వెతుకులాటలోనే శ్రీకాళహస్తి కలంకారీ సంగతి బయటపడింది. రామాయణ, భారత కథలు గుడ్డ మీద చేత్తో గీసి గుళ్లకు, రథాలకు ఇచ్చే పని అది. అప్పటికి ఆ పని తెలిసిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జొన్నలగడ్డ లక్ష్మయ్య అనే పెద్దాయనకు మాత్రం పని పూర్తిగా వచ్చు. ఆయన పోతే విద్య కూడా పోతుంది. బోర్డు 1950ల చివర్లో కాళహస్తిలోనే శిక్షణ కేంద్రం పెట్టి, ఆయన్నే గురువుగా కూర్చోబెట్టింది. అలా కుర్రాళ్లకు పని నేర్పించారు. ఆ తరం వాళ్లలో జొన్నలగడ్డ గుర్రప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఆ పని ఎంత ఓపికతో కూడుకున్నదో చెప్పుకోవాలి. గాడా గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు లేకపోతే గీసిన గీత పాకిపోతుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. దాన్ని కసిమి అంటారు. ఆ కసిమి కుండలో ఉన్నప్పుడు నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలిన క్షణాన నల్లబడుతుంది. కలమంటే వెదురు పుల్లే. దానికి ఉన్ని చుట్టి దారంతో కడతారు. ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు దిగుతుంది. ఎరుపుకు ముందు పటిక రాసి తర్వాత వేరు, చెక్కలతో కాచిన రంగులో ఉడికిస్తారు. పసుపు రంగుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు. ఒక్కో రంగుకూ ఉతుకు, ఎండ. ఉతకడానికి పారే నీళ్లుండాలి, అందుకే స్వర్ణముఖి ఒడ్డు. చెరిపి దిద్దడం కుదరని పని. గీత తప్పితే తప్పినట్టే.

ఇదంతా పుస్తకంలో రాసి పెడితే బతకదని కమలాదేవికి తెలుసు. చేసేవాడి పక్కన కూర్చుని చేస్తేనే వస్తుంది. అందుకే మ్యూజియాలూ పెట్టించారు, పుస్తకాలూ రాశారు గానీ, గురువు పక్కన కుర్రాణ్ని కూర్చోబెట్టే కేంద్రాల మీదే ఎక్కువ పట్టు పట్టారు. పనివాళ్లను పేరు పెట్టి గౌరవించాలని జాతీయ అవార్డులు మొదలుపెట్టించారు. అవి 1965 నుంచి ఇస్తున్నారు. అంతకు ముందు ఏ బొమ్మ ఎవరు చేశారో ఎవరికి కావాలి? కొన్నవాడి పేరే గొప్ప.

1966లో రామన్ మెగసెసే అవార్డు, 1955లో పద్మభూషణ్, 1987లో పద్మవిభూషణ్ వచ్చాయి. నాటకం మీద ఆమెకు ప్రాణం, సినిమాల్లోనూ కనిపించారు. ఆ సంగతులన్నీ రాస్తే ఇంకో పేజీ కావాలి. 1988 అక్టోబర్ 29న బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి 85 ఏళ్లు.

కూలి సంగతేంటి?

ఆమె పని అంతా నెరవేరిందా? కళ నిలబడింది. మరి చేసేవాడి కూలి? ఇక్కడ మనం మొహమాటపడకుండా మాట్లాడుకోవాలి. ఎంపోరియంలో అద్దాల వెనక పెట్టిన వస్తువు కొనేది ఎవరు? డబ్బున్నవాళ్లు, విదేశీయులు. మధ్యలో ఎన్నో చేతులు. చేసినవాడి చేతికి వచ్చేది ఎప్పుడూ తక్కువే. అందుకే అవార్డు వచ్చిన ఇంటి కొడుకు కూడా పాస్‌పోర్టు చేయించుకుంటున్నాడు. వాణ్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. ఇల్లు గడవాలి, చెల్లె పెళ్లి చేయాలి. చేతిపని గొప్పదని ఉపన్యాసం ఇచ్చేవాళ్లు నెలకెంత వస్తుందో చెప్పరు. ఆమె మాత్రం ఆ నెల లెక్క కూడా అడిగేవారు. ఆ తర్వాత వచ్చినవాళ్లలో ఎంతమంది అడిగారన్నదే మా సందేహం. ఆమె చేతుల మీద నడిచిన ఆ బోర్డును 2020 ఆగస్టులో కేంద్రం రద్దు చేసేసింది.

అయినా పని ఆగలేదు. కాళహస్తిలో ఇప్పుడు కలం పట్టేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. విశాఖ వైపు ఏటికొప్పాకలో లక్క బొమ్మలకు మళ్లీ గింజల రంగులు, ఆకుల రంగులు తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మొదట చెప్పిన తేలియా రుమాలును యాదాద్రి జిల్లా పుట్టపాక నేతగాళ్లు నేస్తున్నారు. అక్కడి గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ దక్కింది, రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు వచ్చింది. పోచంపల్లి ఇక్కత్, కరీంనగర్ వెండి తీగ పని, నిర్మల్ బొమ్మలు, పెంబర్తి ఇత్తడి, చేర్యాల బొమ్మలు, కొండపల్లి బొమ్మలు... వీటన్నింటికీ ఆ గుర్తింపు ఉంది. గుర్తింపు ఉన్నంత మాత్రాన దొంగ సరుకు ఆగుతుందా? కలంకారీ పేరుతో మిషన్ మీద అచ్చేసిన చీరలు హైదరాబాద్, సూరత్ మార్కెట్ల నిండా ఉన్నాయి. చేత్తో వేసినదానికి పట్టే రోజులెన్ని, మిషన్‌కు పట్టే నిమిషాలెన్ని! ధరలో వాటితో పోటీ పడమంటే ఎట్లా పడతాడు?

సెలవు మీద ఊరికి వెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లకు చీర కొనేవాళ్లు చాలామందే ఉంటారు. ఆంధ్రలో లేపాక్షి, తెలంగాణలో గోల్కొండ షోరూములున్నాయి. వీలైతే నేరుగా ఊరికే వెళ్లి చేసినవాళ్ల దగ్గరే కొనవచ్చు. చేనేత అయితే 2006లో తెచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ఉందేమో చూడండి. కలంకారీ అయితే ముక్కు దగ్గర పెట్టుకోండి, కొత్త గుడ్డకు కరక్కాయ, పాల వాసన ఇంకా ఉంటుంది. రెండు పువ్వులు పక్కపక్కన పెట్టి చూస్తే అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. ఆఖరికి చీర వెనక్కి తిప్పి చూడండి. చేత్తో పెట్టిన రంగు చాలావరకు అవతలి వైపుకూ దిగి ఉంటుంది. మిషన్ అచ్చు వెనక వైపు పాలిపోయి కనిపిస్తుంది.