సన్యాసం నుంచి ప్రయోగశాలకు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

యోగమనగానే మన కళ్ల ముందు చాప పరిచి వేసే ఆసనాలే మెదులుతాయి. కాని పతంజలి మహర్షి చెప్పిన ఎనిమిది అంగాలలో ఆసనం మూడవది. దానికి ముందు యమము, నియమము అనే రెండు మెట్లున్నాయి. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం - ఇవి యమాలు. శౌచం, సంతోషం, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వర ప్రణిధానం - ఇవి నియమాలు. ఈ రెండు మెట్లూ దాటేసి మనం నేరుగా మూడో మెట్టు మీద కాలు పెడుతున్నాం. ఈ పది మాటలు మునులకే గాని, బస్సు పాసు జేబులో వేసుకొని పటాన్‌చెరు మీదుగా కాలేజీకి వచ్చే మనబోటి వాళ్లకెందుకని నేనూ అనుకునేవాణ్ణి. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చదివాక ఆ అభిప్రాయం మారింది. ఆయన యోగశాస్త్రం బోధించిన వారు కారు. సన్యాసి కావాలని బయలుదేరి, చివరికి శాస్త్రవేత్త అయిన మనిషి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువు మీద మనసు నిలవక చిన్నతనంలోనే కాశీకి పారిపోదామని చూస్తే తల్లి వెంకమ్మ గారు వెనక్కి పట్టుకొచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. సప్లిమెంటరీ రాసే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి! మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజుల్లో రామకృష్ణ మఠం వైపు మనసు మళ్లింది. సన్యాసానికి తల్లి ఒప్పుకోలేదు. వైద్యం నేర్చుకుంటే అదీ సేవే అవుతుందని మఠంలోని పెద్దలు దారి చూపారు. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టిన రోజులవి. శస్త్రచికిత్స గదిలోకీ ఖద్దరు దుస్తులతోనే వెళ్లారు. అది దొరగారైన ప్రొఫెసరుకు గిట్టలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. నమ్మినదానికి కట్టుబడితే మూల్యం చెల్లించవలసి వస్తుందని ఆయనకు అప్పుడే తెలిసింది. ఇంతలో స్ప్రూ అనే వ్యాధికి సొంత అన్నదమ్ములు బలయ్యారు. తిన్నది ఒంటబట్టక, రక్తం క్షీణించిపోయే జబ్బు అది. అదే జబ్బు ఆయననూ పట్టి, ఆయుర్వేద వైద్యంతో నయమైంది.

మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతోను 1922లో అమెరికాలోని బోస్టన్ చేరారు. భారతదేశపు డాక్టరు పట్టాకు అక్కడ విలువ లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపనులు చేసి పొట్టపోసుకుంటూ, పగలు హార్వర్డులో చదివారు. తపస్సంటే ఒంటికాలి మీద నిలబడడమే కాదు గదా.

హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో రక్తం, మూత్రాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. భాస్వరం ఎంత ఎక్కువుంటే ద్రావణం అంత నీలంగా మారుతుంది. మా నాయిన డీఏపీ బస్తా కొనే ముందు మట్టి పరీక్ష చేయిస్తే, అక్కడా భాస్వరం లెక్క ఈ నీలిరంగు సూత్రంతోనే తేలుస్తారు. ఆ పద్ధతే చేతిలో దీపమై 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియేటిన్‌నూ, 1929లో ఏటీపీనీ వారికి చూపించింది. కండరం పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం అంతకు ముందే, 1922లో, నోబెల్ బహుమతి అందుకొని ఉంది. కొలతలు వేరే మాట చెబుతుంటే బహుమతికి జడిసి వాటిని సవరించలేదు. సత్యం అనే యమానికి ఇంతకంటె మంచి పాఠం నాకు తెలియదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నిరుడు ప్రాక్టికల్స్‌లో నాకు నీలిరంగు సరిగా రాలేదు. పక్క మిత్రుని రీడింగులు చూసి రికార్డులో ఎక్కించాను. మార్కులు వచ్చినయి. అది అసత్యమూ అవుతుంది, ఇంకొకని కష్టం దొంగిలించడమూ అవుతుంది. అస్తేయమంటే దొంగతనం చేయకపోవడమని ఐదో తరగతిలోనే నేర్చుకున్నాను, అది ప్రాక్టికల్ రికార్డుకు కూడా వర్తిస్తుందని ఇరవయ్యో ఏట తెలిసింది.

1940లో సుబ్బారావు గారు లెడర్లీ మందుల సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అదే మందయింది! ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌తో 1948లో ఫార్బర్ అనే డాక్టరు రక్తపు క్యాన్సరు పిల్లలకు, కొంతకాలమే అయినా, ఊరట కలిగించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. ఆరియోమైసిన్ అనగానే డగ్గర్ పేరు చెబుతారు, ఆ పరిశోధన నడిపించిన డైరెక్టరు వెనుకనే ఉండిపోయారు. 1947లో వచ్చిన హెట్రజాన్ బోదకాలు వ్యాధికి మందు. నా చిన్నప్పుడు ఆశా అక్క మా ఇంటికొచ్చి ఎదురుగా నిలబడి మింగించిన డీఈసీ గోళీ అదే. మా నాయనమ్మ కాలి వాపును అది తగ్గించలేదు గాని, రక్తంలో తిరిగే పిల్లపురుగులను చంపి, వ్యాధి ఇంకొకరికి పాకకుండా కాపాడే మందు అది. ఆ గోళీ వెనుక ఒక తెలుగువాడున్నాడని మా ఊర్లో ఎవరికీ తెల్వదు.

అయితే ఈ కథలో మనసును కలచివేసే భాగం ఒకటుంది. 1919లో ఆయన శేషగిరి గారిని పెండ్లాడారు. కొన్నేండ్లలో తిరిగొస్తానని ఆమెను విడిచి ఓడ ఎక్కారు. కొడుకు పుట్టి, తండ్రి ముఖం చూడకుండానే పసితనంలో కన్నుమూశాడు. సుబ్బారావు గారు మళ్లీ స్వదేశం రాలేదు. 1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే గుండె ఆగింది. లోకానికి ఆయన చేసిన మేలు కొండంత, ఆ కొండ బరువులో సగం శేషగిరి గారు మోశారు. గొప్పవారి చరిత్ర రాసేటప్పుడు ఈ ముక్క దాటేస్తే సత్యం తప్పినట్టే. మన త్యాగం వల్ల మన ఇంట్లోవాళ్లకు కలిగే బాధ కూడా అహింస లెక్కలోకి రావాలి. ఆయన ప్రతిభను అనుకరించడం మనవల్ల కాకపోవచ్చు, ఆయన చేసిన ఈ పొరపాటును తప్పించుకోవడం మాత్రం మన చేతిలో పని. హాస్టల్లో ఉండే మిత్రులారా, వారానికొకసారి అమ్మకు ఫోను చేస్తే ఏ పరీక్షా తప్పిపోము.

ఇక మన ప్రాంతం సంగతి. సుబ్బారావు గారు ప్రయోగశాలలో వెదికిన మందుల వంటివే నేడు మన పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీలలో టన్నుల లెక్కన తయారవుతున్నాయి. మనలో చాలామందిమి రేపు అక్కడే కెమిస్టులుగా చేరతాం. మా తాత నక్కవాగు నీళ్లతో వరి పండించిండు. మా నాయిన ఆ నీళ్లు మడికి పెట్టడు, బోరే ఆధారం. పటాన్‌చెరు దగ్గరి ఒక మురుగునీటి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటె అది ఎక్కువ. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన క్రిములకు రేపు ఆ మందు పనిచేయదు. ఒకచోట ప్రాణం పోసే మందు ఇంకొకచోట వాగును చంపితే అది ఎవరి తప్పు? శౌచమంటే మన ఒళ్లు కడుక్కోవడమే అయితే, ఆ కడిగిన నీళ్లు ఎటు పోతున్నాయో ఎవరు చూడాలి?

రేపు ఏ రాత్రి షిఫ్టులోనో ఒక సూపర్‌వైజరు వచ్చి రిజిస్టరులో లేని అంకె రాయమంటాడు, లేక ఒక వాల్వు చప్పుడు కాకుండా విప్పమంటాడు. మనం ఎక్కిన మెట్టు ఏదో అప్పుడు తేలుతుంది. ఆ వాల్వు మీద చెయ్యి పడే ముందు మన వాగు గుర్తుకు రావాలి, ఆ అంకె రాసే ముందు సుబ్బారావు గారి నీలిరంగు గుర్తుకు రావాలి. ఈ సంవత్సరం నా ప్రాక్టికల్ రికార్డులో రంగు రాని రోజున రాలేదనే రాస్తున్నాను. మార్కులు కొన్ని తగ్గినయి. ఫరవాలేదు.