మాన్యసంఘ స్థాపకులు భాగ్యరెడ్డివర్మ

మానవులందరు సమానులని చెప్పుట సులభము. ఆ సమానత్వమును బడిలో, బావికడ, కొలువులో నెలకొల్పుట కష్టము. ఒక్కొక్క దేశము ఈ కార్యమును ఒక్కొక్క విధమున సాధింపజూచినది. హైదరాబాదు సంస్థానమున, శాసనబలము లేని దినములలో, స్వజనుల చందాలతోను స్వయంకృషితోను దీనికి పూనుకొనిన మహనీయులు మాదరి భాగ్యరెడ్డివర్మగారు.

వీరు 1888వ సంవత్సరము మే 22వ తేదీన హైదరాబాదులో ఒక పేద మాల కుటుంబమున జన్మించిరి. తలిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. అంటరానివారనబడువారే ఈ నేల కాదికాలపు ఏలికలని తలచిన కులగురువు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చెను. ‘వర్మ’ అనునది 1913లో ఆర్యసమాజమువా రొసగిన బిరుదము. బాల్యమున చదువునకు తగిన వసతి లేక, ఒక బారిస్టరు ఇంట పనికి కుదిరి, అచ్చటనే విద్యాభిరుచి నలవరచుకొనిరి.

1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, జగన్మిత్రమండలిని స్థాపించిరి. అక్షరము రాని జనమునకు కరపత్రము లేమి యుపకరించును? అందుచే మండలివారు హరికథలను, భజనలను సాధనములుగా గైకొనిరి. 1911లో ఆ మండలియే మాన్యసంఘమయ్యెను. జోగిని, మురళి మొదలగు పేర బాలికలను దేవతల కర్పించు దురాచారమును, పెండ్లిండ్లలో కల్లు సారాయిల వాడుకను సంఘము తీవ్రముగా నిరసించెను. పరులు చేయు అన్యాయముతో పాటు స్వజనులలోని లోపములను గూడ వర్మగారు ఉపేక్షింపలేదు.

వారి కృషిలో ముఖ్యమైనది విద్య. 1910లో ఇసామియా బజారునను, లింగంపల్లిలోను ఆరంభమైన బడులు క్రమముగా ఇరువదియారయ్యెను. ఉరుదూ రాజభాషగా నున్న ఆ కాలమున ఈ బడులలో పిల్లలకు తెలుగున చదువు చెప్పిరి. తరువాత, 1930 దశకమున, ప్రభుత్వమే ఈ పాఠశాలలను స్వీకరించెను.

1917లో బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాసభకు వర్మగారు అధ్యక్షులైరి. పీఠ మధిష్ఠించిన వెంటనే సభ పేరునే ఆక్షేపించిరి. ఐదవవారనుట వెలివేతకు పెట్టిన మారుపేరనియు, ఈ దేశమునకు మొదటివారు తామే యనియు వారి వాదము. సభ ఆది ఆంధ్ర మహాజనసభగా మారెను. పేరు మారినంతమాత్రమున కూడు దొరకునా యని కొందరు శంకింపవచ్చును. కాని అవమానసూచకమైన పేరును తలయొగ్గి మోయువాడు హక్కును అడుగుటకే జంకును. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము ఆది హిందువులను పేరును నమోదు చేయుట ఆ పోరాట ఫలమే. అదే యేట ‘భాగ్యనగర్’ పత్రికను వెలువరించిరి. 1939 ఫిబ్రవరి 18న పరమపదించిరి.

అదే కాలమున తక్కిన పాలకులు వేరు మార్గముల నవలంబించిరి. కొల్హాపురమున సాహు మహారాజు 1902లో వెనుకబడిన వర్గములకు కొలువులలో సగము ప్రత్యేకించెను. మదరాసులో 1921లో వర్గములవారీ నియామకములకు ఉత్తరువు వెడలెను. 1950లో భారత రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసి, ప్రభుత్వోద్యోగములలో రక్షణ కల్పించెను. అమెరికాలో న్యాయస్థానము 1954లో జాతి ప్రాతిపదికన వేరుచేసిన ప్రభుత్వ పాఠశాలలు చెల్లవనెను. 1964 శాసనము ప్రైవేటు కొలువులలోని వివక్షను సైతము నిషేధించెను. ఇంగ్లండు 1965లో జాతి సంబంధముల చట్టము చేసెను. అచ్చట ముఖ్యముగా వివక్షను నిషేధించి న్యాయస్థానమున విచారించు పద్ధతి. ఇచ్చట స్థానములను ముందుగనే ప్రత్యేకించు పద్ధతి. నిషేధ మొక్కటియే తరతరముల వెనుకబాటును పూడ్పజాలదు. స్థానములు ప్రత్యేకించినను, వాని నందుకొను విద్య లేనిచో అవి కాగితముపైనే నిలుచును. ఆ విద్యకు వర్మగారి బడులు పునాది వేసినవి.

వారి యుద్యమము ప్రధానముగా నగరమున వేరూనినది. వెట్టితో నలిగిన పల్లెలకు ఆ వెలుగు ఆలస్యముగా చేరెను. మెదకు జిల్లాలోని శివ్వంపేటవంటి యూళ్ల కిది విచారింపదగిన సంగతి. 1992 నాటి రాజ్యాంగ సవరణముతో పంచాయతీ పదవులలో షెడ్యూల్డు కులములకు, స్త్రీలకు వంతులవారీగా స్థానము లేర్పడినవి. కాని ఆ పీఠమున కూర్చుండువారు స్వతంత్రముగా లెక్కలు చదివి, తీర్మానములు వ్రాసి, మాట చెల్లించుకొనగలుగుట చట్టము వలననే కాదు. అందులకు ఊరిబడియే మూలము. ఆ బడి చక్కగా నడచుచున్నదా లేదా యని గ్రామస్థులు విచారించుటయే వర్మగారికి తగిన స్మారకము.