అడగకుండా తీసుకున్న కణాలు: హెన్రియెటా లాక్స్ జీవితం

వైద్యవృత్తిలో ఉన్న మనవారిలో ‘హీలా’ కణాల పేరు విననివారుండరు. ఆ పేరు వెనుక ఉన్న నల్లజాతి తల్లి కథ మాత్రం లోకానికి ఆలస్యంగా తెలిసింది.

హెన్రియెటా లాక్స్ 1920 ఆగస్టు 1న వర్జీనియా రాష్ట్రంలోని రోనోక్‌లో జన్మించింది. నాలుగేళ్ళ వయసులో తల్లి పోవడంతో క్లోవర్ అనే పల్లెలో తాతగారింట పెరిగింది. ఆ ఇల్లు ఒకప్పుడు బానిసలుండిన ఇల్లు. ఆరో తరగతితో చదువు ఆగింది. పొగాకు చేలల్లో పనే బతుకయింది. 1941లో డేవిడ్ లాక్స్‌ను పెళ్ళాడింది. అతనికి ఉక్కు కర్మాగారంలో పని దొరకడంతో కాపురం బాల్టిమోర్ దగ్గరి టర్నర్ స్టేషన్‌కు మారింది. అయిదుగురు బిడ్డలు కలిగారు.

కడుపులో ఏదో ముడిలా ఉందని ఆమె చాలాకాలం దగ్గరి బంధువులైన ఆడవారితోనే చెప్పుకుంది. ఆ రోజుల్లో నల్లవారిని చేర్చుకునే ఆసుపత్రులే అరుదు. చివరకు రక్తస్రావం తగ్గక, 1951 జనవరిలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడా నల్లవారికి వేరే వార్డులే. గర్భాశయ ముఖద్వార కాన్సర్ అని తేలింది. ఈ జబ్బును ముందే పసిగట్టే పాప్ స్మియర్ పరీక్ష అప్పటికే ఉన్నా, సామాన్య స్త్రీల దాకా ఇంకా రాలేదు.

రేడియం చికిత్స చేస్తూ, ఆమెకు మాటమాత్రమైనా చెప్పకుండా కణితి నుంచి చిన్న ముక్క తీశారు. జార్జ్ గై ప్రయోగశాలలో ఆ కణాలు ఆగకుండా పెరిగాయి. ఆమె మాత్రం అదే ఏడాది అక్టోబరు 4న, 31 ఏళ్ళకే కన్నుమూసింది. 2010 వరకు ఆమె సమాధికి పేరు చెక్కిన రాయి కూడా లేదు.

పోలియో టీకా పరీక్షలకు ఆ కణాలే తోడ్పడ్డాయి. 1980లలో వాటిలో హెచ్.పి.వి. వైరస్ కనిపించింది, ఆ పరిశోధనల బాటలోనే ఈ కాన్సర్‌ను అడ్డుకునే టీకా వచ్చింది. కుటుంబానికి సంగతి తెలిసింది 1970లలో. థర్మో ఫిషర్ కంపెనీతో రాజీ కుదిరింది 2023లో.

ఆమె కణాలు ఇన్ని ప్రాణాలు కాపాడినా, నేటికీ అమెరికాలో ఈ జబ్బుతో మరణించే ప్రమాదం తెల్లవారికన్నా నల్లజాతి స్త్రీలకే ఎక్కువ. బీమా లేకపోవడం, పరీక్షలో తేడా కనిపించాక కూడా చికిత్స ఆలస్యం కావడం ఇందుకు కొన్ని కారణాలు. ఈ సభలకు వచ్చిన వైద్యులు తమ ఊరి ఉచిత క్లినిక్‌కు నెలకొక పూట కేటాయించినా ఎందరికో మేలు జరుగుతుంది. మన అక్కచెల్లెళ్ళు కూడా సిగ్గుతోనో, తీరిక లేకనో ఈ పరీక్షను వాయిదా వేయకూడదు. హెన్రియెటాకు అందని అవకాశం మన చేతిలో ఉంది.