రేకులు లెక్కించమన్న పండితుడు

ఖరీదైన సూక్ష్మదర్శినులు, సీసాలలో ఊరవేసిన జంతువులు లేనిదే జీవశాస్త్ర బోధన సాగదని తలచే వారు జె.బి.ఎస్. హాల్డేన్ మహాశయుని జీవితాన్ని తెలుసుకొనవలెను.

ఆయన 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గనులలోని విషవాయువులను తన దేహంపైనే పరీక్షించుకొన్న శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. కుమారునికి ఆ పరీక్షలే తొలి పాఠాలు. ప్రకృతివరణాన్ని గణితంతో నిరూపించిన మహనీయులలో ఒకరైన ఈయనకు విజ్ఞానశాస్త్రంలో పట్టా లేకపోవుట విచిత్రం!

1957లో ఆయన స్వదేశాన్ని విడిచి, మహలనోబిస్ ఆహ్వానంపై కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. పంచె, లాల్చీ ధరించి, శాకాహారియై, 1961లో భారత పౌరుడయ్యారు. పరికరాలు లేవని ఎన్నడూ చింతించలేదు. ఈ దేశపు తోటలు, పొలాలే ఆయన ప్రయోగశాలలు.

ఎస్.కె. రాయ్ అను శిష్యుడు పారిజాత పుష్పాల రేకులను లెక్కించాడు. ఒకే చెట్టు పూలలో సైతం ఆ సంఖ్య మారుచుండును. కొమ్మను బట్టియా, ఋతువును బట్టియా? ఈ ప్రశ్న పుట్టిన క్షణముననే విద్యార్థి శాస్త్రజ్ఞుడగుచున్నాడు. జయకర్ అను మరొకరు తీతువు పిట్ట గూటిని ఓపికతో పరిశీలించాడు. ఆ పిట్ట కూతను అపశకునమని భయపడే మనకు అది పాఠ్యవస్తువని తోచునా?

పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు లాంటానా పూల రంగులలో ఏ సీతాకోకచిలుక దేనిని కోరునో గమనించి వ్రాసిన పరిశోధన 1960లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. పెద్దతిప్పసముద్రం చుట్టుపట్ల అటువంటి పొదలకు కొదువా?

ఆ ద్రోణంరాజే పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రదేశపు రక్తసంబంధ వివాహాలను పరిశోధించారు. మేనమామను పెండ్లాడుట మన సీమలో నిన్నమొన్నటి వరకు సర్వసాధారణం. అట్టి దంపతుల బిడ్డకు ఒక జన్యువు యొక్క రెండు ప్రతులూ ఒకే పూర్వికుని నుండి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనరికమైనా, పినతండ్రి బిడ్డతో నికాహ్ అయినా పదహారింట ఒకటి. జన్యుశాస్త్రానికి బఠాణీమొక్కయే ఉదాహరణ కానక్కరలేదు, మన ఇంటి వంశవృక్షమే చాలును. దానిని గీసి లెక్క కట్టిన విద్యార్థి ఆ సూత్రాన్ని కంఠస్థం చేయవలసిన పనియుండదు.

1962లో హాల్డేన్ భువనేశ్వరంలో నూతన ప్రయోగశాలను స్థాపించారు. కాన్సరు వ్యాధిచే 1964 డిసెంబరు 1న అచటనే కన్నుమూశారు. దేహాన్ని దహనం చేయక వైద్యవిద్యకు వినియోగించవలెనని ముందే వ్రాసియుంచారు. ఆ ప్రకారం దానిని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేర్చారు.