ఒప్పుకొని విడిచిపెట్టుట – జాన్ న్యూటన్ జీవితము

ధ్యానభాగములు: సామెతలు 28:13, ద్వితీయోపదేశకాండము 15:12-15, హెబ్రీయులకు 12:1



మారుమనస్సు పొందిన దినముననే కొన్ని పాపములు మనలను విడిచిపోతాయి. మరికొన్ని బాప్తిస్మము తరువాత కూడా, సంఘములో పెద్దలమైన తరువాత కూడా మన ఇంటిలో ఒక మూల కూర్చునే ఉంటాయి. అలవాటైపోయినందున వాటిని పాపములని కూడా అనుకొనము. జాన్ న్యూటన్ జీవితము ఈ సంగతిని మన కన్నులయెదుట పెడుతుంది. అద్భుతమైన కృపను గూర్చి ఆయన వ్రాసిన ఆంగ్ల కీర్తనను ఎరుగని సంఘము అరుదు. అయితే ఆ కృప ఆయనలో ఎంత కాలము పనిచేయవలసి వచ్చెనో తెలిసినవారు కొద్దిమందే.

తల్లి నేర్పిన వాక్యము

న్యూటన్ 1725లో లండనులో జన్మించారు. తండ్రి ఓడ కెప్టెను. భక్తిగల తల్లి చిన్ననాటనే వాక్యములు, కీర్తనలు కంఠస్థము చేయించింది. ఆయనకు ఏడేండ్లు నిండకముందే ఆమె క్షయవ్యాధితో మరణించింది. పదకొండవ ఏట తండ్రితో సముద్రమెక్కిన ఆ బాలుడు, యౌవనములో దేవదూషణకు పేరుమోశాడు. బలవంతముగా యుద్ధనౌకలో చేర్చబడి, అక్కడనుండి పారిపోబోయి పట్టుబడి కొరడా దెబ్బలు తిన్నాడు. తరువాత ఆఫ్రికా పడమటి తీరములో ఒక బానిసల వర్తకుని క్రింద పనిచేస్తూ, ఆకలితోను జ్వరముతోను బానిసకంటె హీనముగా బ్రదికాడు.

తుపానులో మొర

తండ్రి స్నేహితుని ద్వారా విడుదల దొరికి, గ్రేహౌండ్ అను ఓడలో ఇంగ్లండుకు తిరిగివస్తుండగా, 1748 మార్చిలో గొప్ప తుపాను కొట్టింది. ఓడ ప్రక్క బద్దలై నీళ్లు లోపలికి వచ్చాయి. సరుకులో తేలికైన మైనము, కలప ఉన్నందున ఓడ మునుగలేదు. తెల్లవారుజామునుండి మధ్యాహ్నము వరకు నీళ్లు తోడుతూ న్యూటన్ దేవుని కనికరమును తలంచుకున్నారు, మొరపెట్టారు. ఆ దినమును మరణము వరకు ఏటేటా జ్ఞాపకము చేసుకున్నారు. దూషణ మాటలు ఆనాటినుండే ఆయన నోటిని విడిచిపోయాయి.

అయితే కథ అక్కడ ముగియలేదు. కొన్ని నెలలకే ఆయన బానిసల ఓడలో రెండవ అధికారిగా మరల ఆఫ్రికా వెళ్లారు. అక్కడ పాత శోధనలలో పడి, ప్రార్థన విడిచారు. కఠినమైన జ్వరము వచ్చినప్పుడు ఆ దీవిలో ఒంటరి స్థలమునకు ప్రాకుచు వెళ్లి మరల ప్రభువునకు తన్ను అప్పగించుకున్నారు.

పైన ఆరాధన, క్రింద సంకెళ్లు

1750లో మేరీ కాట్లెట్‌ను వివాహము చేసుకొని, అదే సంవత్సరము కెప్టెను అయ్యారు. 1754 వరకు మూడు ప్రయాణములు చేశారు. ఆదివారము నావికులను కూర్చి ఆరాధన జరిపించేవారు. అదే ఓడ అడుగున స్త్రీ పురుషులు, పిల్లలు సరుకువలె కుక్కబడి ఉండేవారు. తిరుగుబాటు జరుగునేమోనని అనుమానము వచ్చినప్పుడు చిన్న పిల్లల బొటనవ్రేళ్లను ఇనుప మరలలో బిగించి విచారించినట్లు ఆయనే తన ఓడ దినచర్యలో వ్రాసుకున్నారు. పైన ప్రార్థన, క్రింద మూలుగు! అవి రెండును ఒక్క మనుష్యుని చేతి క్రింద జరిగాయి.

ఆయన మనస్సాక్షి ఎందుకు గద్దించలేదు? ఆ వ్యాపారమునకు చట్టము అడ్డురాలేదు. గౌరవనీయులైన వర్తకులు దానిలో ధనము పెట్టారు. గుడికి వెళ్లేవారు దానిని తప్పుపట్టలేదు. లోకము గద్దించే పాపమును విడుచుట సులభము. లోకము మెచ్చుకొనే పాపమును చూచుటయే కష్టము.

1754లో అకస్మాత్తుగా మూర్ఛ రాగా సముద్రమును మానుకున్నారు. గమనించండి: ఆయనను ఓడ దింపినది వ్యాధియే గాని పశ్చాత్తాపము కాదు. పనిని విడిచారు, ఆ పనిని పాపమని ఇంకను పిలువలేదు.

గోడమీది వాక్యము

1764లో ఆంగ్లికన్ సంఘ సేవకుడై ఓల్నీ అను చిన్న పట్టణములో లేసు అల్లుకొనే బీదల మధ్య పదహారు సంవత్సరములు సేవచేశారు. ప్రఖ్యాతమైన ఆ కీర్తన 1773 నూతన సంవత్సర దినపు ప్రసంగము కొరకు వ్రాసినదే. యౌవనస్థుడైన బాప్టిస్టు బోధకుడు జాన్ రైలాండుకు అనేక సంవత్సరములు ఉత్తరములద్వారా ఆలోచన చెప్పారు. ఆ రైలాండే 1783లో విలియం కేరీకి బాప్తిస్మమిచ్చినవాడు.

ఓల్నీలో తన గదిగోడపై న్యూటన్ ద్వితీయోపదేశకాండము 15:15ను వ్రాయించుకున్నారు. తాను దాసుడుగా ఉండి విడిపింపబడిన సంగతి మరువకూడదని ఆయన ఉద్దేశము. అయితే ఆ అధ్యాయము 12వ వచనమునుండి చదివితే, విడిపింపబడినవాడు తన దాసుని వట్టి చేతులతో గాక నిండు చేతులతో విడిచిపెట్టవలెనన్న ఆజ్ఞ కనబడుతుంది. వాక్యము ప్రతిదినము కండ్లయెదుట ఉన్నది. దాని పూర్తి భావము హృదయములోనికి దిగుటకు సంవత్సరములు పట్టింది.

బహిరంగపు ఒప్పుకోలు

1780లో లండనులోని ఒక సంఘమునకు వెళ్లారు. 1785లో పార్లమెంటు సభ్యుడైన విల్బర్‌ఫోర్స్ ఆత్మీయ వేదనతో రహస్యముగా ఆయనయొద్దకు వచ్చినప్పుడు, రాజకీయములను విడువక అక్కడనే దేవుని సేవించమని ధైర్యపరిచారు. 1788లో న్యూటన్ తానే ఆఫ్రికా బానిస వ్యాపారముపై ఒక పుస్తకము ప్రచురించి, తాను అందులో పాలివాడనని సిగ్గుతో ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు చాలా ఆలస్యముగా వచ్చిందని కూడా దాచలేదు. ఓడ దిగి అప్పటికి 34 సంవత్సరములు! తరువాత ప్రభుత్వ విచారణ సంఘములయెదుట నిలిచి, ఓడ అడుగున చూచినదంతయు సాక్ష్యమిచ్చారు. 1807 మార్చిలో బ్రిటిషు పార్లమెంటు ఆ వ్యాపారమును నిషేధించింది. అదే సంవత్సరము డిసెంబరు 21న న్యూటన్ ప్రభువునందు నిద్రించారు.

మన సంగతి ఏమి?

మన పితరులు ఊళ్లు విడిచి పనికొరకు పరరాష్ట్రములకు వచ్చారు. ఊరు విడిచినంత మాత్రాన ఊరి పాపములు విడిచిపోయాయా? పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు కులము, కట్నము మన మూటలోనుండి బయటికి రావడము లేదా? అవసరములోనున్న సహోదరునికి అప్పిచ్చి అధిక వడ్డీ లాగుట వ్యాపారమేనని సర్దుకొనడము లేదా? అందరు చేసేదే అని మనము చెప్పే ప్రతి సంగతిని వాక్యపు వెలుగులోనికి తేవలెను.

సొలొమోను చెప్పినది రెండు మెట్లు: ఒప్పుకొనుట, విడిచిపెట్టుట. న్యూటన్ ముందు పనిని విడిచారు. చాలా ఏండ్లకు ఒప్పుకున్నారు. దేవుడు ఆయనను క్షమించాడు, వాడుకున్నాడు. కాని ఆ 34 ఏండ్లలో ఓడలు ఆగలేదు. మన ఆలస్యమునకు వెల చెల్లించేది తరచుగా మనము కాదు. కట్నము తేలేక కుమిలిపోయే తండ్రి, వడ్డీ క్రింద నలిగిన విధవరాలు.

కనుక ప్రియులారా, గోడమీద వ్రేలాడే వాక్యమును ఈ దినమే పూర్తిగా చదువుదము. జ్వరము వచ్చువరకు ఆగక, ఎవరికి నష్టము చేశామో వారియొద్దకు వెళ్లుదము. విడిచిపెట్టుటకు చాలిన కృపను ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.