జేన్ ఆస్టెన్: ఒక రాత్రి సమ్మతి

1802 డిసెంబరు నెలలో ఇంగ్లండు దేశమున, హాంప్‌షైర్ ప్రాంతములోని మేనీడౌన్ అను భవనమున ఒక సాయంకాలము పెండ్లి మాట నడచెను. ఆ యింటి వారసుడగు హారిస్ బిగ్ విదర్ తన అక్కల స్నేహితురాలైన జేన్ ఆస్టెన్‌ను వివాహమాడగోరెను. ఆమె అంగీకరించెను. తెల్లవారగనే ఆ మాటను వెనుకకు తీసికొని, అక్క కెసాండ్రాతో కలిసి ఆ భవనము విడిచిపోయెను. వరునికి 21 ఏండ్లు. ఆమెకు 27 ఏండ్లు నిండ వచ్చుచుండెను.

జేన్ 1775 డిసెంబరు 16వ తేదీన అదే ప్రాంతమున స్టీవెంటన్ గ్రామములో జన్మించెను. తండ్రి జార్జి ఆస్టెన్ ఆ గ్రామపు క్రైస్తవ మతగురువు. ఎనమండుగురు సంతానములో ఆడపిల్లలు ఇరువురే. ఆ కుటుంబమునకు మర్యాద కలదు గాని సంపద లేదు. తండ్రి యింట విద్యార్థుల నుంచుకొని చదువు చెప్పి, వచ్చిన సొమ్మును సంసారమునకు జోడించుకొనెడివాడు. కొలది కాలము పాఠశాలలో చదివిన పిదప తండ్రి గ్రంథములే ఆమెకు గురువులైనవి.

ఇరువదవ యేట టామ్ లెఫ్రాయ్ అను ఐర్లండు యువకునితో ఆమెకు చనువు కలిగెను. ఇరువురికిని ఆస్తి లేకుండుటచే ఆ చనువు పెండ్లి దాక పోలేదు. కెసాండ్రాకు నిశ్చయమైన వరుడు, సంసారము పెట్టుటకు చాలిన రాబడి లేక వెస్టిండీస్ దీవులకు కొలువున పోయి, 1797లో జ్వరముచే మరణించెను. ప్రేమకును పెండ్లికిని నడుమ ధనము ఎట్లు అడ్డు నిలుచునో ఆ సోదరీమణులు యౌవనముననే కనుగొనిరి.

ఆనాడు మర్యాదస్థుల యింటి కన్యకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేదు. న్యాయవాద వృత్తియు, మతగురువు పదవియు, సైనికోద్యోగమును పురుషులవే. పరుల యిండ్ల పిల్లలకు చదువు చెప్పుకొనుట తప్ప గౌరవమైన జీవనోపాధి అరుదు. పెండ్లియాడిన స్త్రీ సొమ్ము చట్టరీత్యా భర్తకు చెందును. పెండ్లియాడని స్త్రీకి తండ్రి గతించినచో అన్నదమ్ముల దయయే దిక్కు. ఇన్ని యెరిగియు జేన్ ఆ భాగ్యమును కాదనుకొనెను.

అందుకు ఆమె మూల్యము చెల్లింపక తప్పలేదు. 1805లో తండ్రి మరణించెను. తల్లియు, కుమార్తెలును సోదరులిచ్చిన సొమ్ముతో ఊరూరు మారుచు కాలము గడపిరి. ఆ సంవత్సరములలో రచన కుంటుపడెను. 1809లో సోదరుడు ఎడ్వర్డు చాటన్ గ్రామమున ఒక యిల్లు ఇచ్చెను. ఎడ్వర్డు ధనిక బంధువులకు దత్తుడైనవాడు. ఆ యింట ఆమె కలము మరల కదలెను. 1811లో తొలి నవల ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ రచయిత్రి పేరు లేకుండ వెలువడెను. 1813లో వెలువడిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ హక్కులను 110 పౌండ్లకు అమ్మివేసెను.

ఆ నవలలో బెన్నెట్ దంపతులకు అయిదుగురు కుమార్తెలు. ఆస్తి మాత్రము దూరపు బంధువగు కాలిన్స్‌కు పోవలసియున్నది. అతడు పెండ్లియాడుదునన్న ఎలిజబెత్ నిరాకరించును. ఆమె స్నేహితురాలు షార్లట్, 27 ఏండ్లది, అతనినే అంగీకరించి ఒక గూడు సంపాదించుకొనును. షార్లట్‌ను చూచి ఎలిజబెత్ నొచ్చుకొనును గాని రచయిత్రి ఆమెను దోషిగా నిలుపలేదు. మేనీడౌన్‌లో ఆ రాత్రి షార్లట్ మార్గమును, ఆ ఉదయము ఎలిజబెత్ మార్గమును ఆమె స్వయముగా త్రొక్కిచూచినదే గదా! ‘ఎమ్మా’ నవలలో ధనికురాలగు నాయిక తనకు పెండ్లి యక్కరలేదని ధీమాగా పలుకును. పేదరాలగు అవివాహిత మిస్ బేట్స్‌ను నలుగురిలో ఎగతాళి చేసి, పిదప సిగ్గుపడును. ఒంటరితనముకన్న పేదరికమే అవివాహితను చులకన చేయుచున్నదని ఆ ఘట్టము తెలుపును.

1817 జూలై 18వ తేదీన, 41 ఏండ్ల వయసున, జేన్ వించెస్టర్ నగరమున కన్నుమూసెను. తనకున్న కొద్ది సొమ్ములో అధికభాగమును అక్కకే వ్రాసియిచ్చెను. వించెస్టర్ దేవాలయములోని సమాధిశిల ఆమె సద్గుణములను కొనియాడినది గాని నవలల నొక్కదానిని పేర్కొనలేదు. ఆమె రచయిత్రి యని తెలుపు ఇత్తడి ఫలకము 1872లో గాని ఆ దేవాలయమున వెలయలేదు. ఆమె కథానాయికలందరును పెండ్లితో సుఖపడిరి. ఆ సుఖమునకు ఎంత వెల కట్టవలెనో లెక్క తెలిసిన స్త్రీ మాత్రము కన్యగానే మిగిలి, ఆ లెక్కను లోకమునకు నవ్వుచు వివరించి చెప్పెను.